మౌనం గదిలో కురిడీ కాయలు

నా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో చేసిన తెలివితక్కువ పనులన్నీ రాస్తే అది జ్ఞాపకం కాదు, నిఘంటువు అవుతుంది. అందుకని ఒక్కటే చెబుతాను. పిల్లలకు రాని సందేహాలను ఏడాది పాటు నేనే పుట్టించి, అవి పిల్లలవేనని ఒక పెద్దమనిషికి నెలనెలా పోస్టులో పంపాను. తెలుగు పండితుణ్ణి కదా, అబద్ధమే అయినా అచ్చుతప్పు లేకుండా రాశాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు ఇది చదివి నవ్వుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు. నవ్వడం అయ్యాక కాస్త భయపడితే మరీ మంచిది. నేను భయపడినంత అక్కర్లేదు, అందులో పదో వంతు చాలు.

ఇది డెబ్భైల చివరి మాట. కోనసీమలో గన్నవరానికీ అంబాజీపేటకీ మధ్య ఒక ఊళ్ళో, కమిటీ నడిపే హైస్కూల్లో చేరాను. మా నాన్నగారు ఘనాపాఠీ. నేను ఘనంగా ఏమీ చదవలేక పండిత శిక్షణతో సరిపెట్టుకున్నవాణ్ణి. అంతకు ముందు రెండు బళ్ళలో జూన్‌లో పిలిచి ఏప్రిల్‌లో పొమ్మన్నారు. ఇది మూడోది. వయోపరిమితి దాటిపోవడానికి నాకు రెండేళ్ళ పైచిలుకే మిగిలింది. ఇంట్లో మా ఆవిడకు ఏడో నెల. ఈ ఉద్యోగం కూడా పోతే నాలుగోది అంటూ ఉండదని నాకు తెలుసు, ఆవిడకు తెలుసు, ఆ సంగతి మేమిద్దరం మాట్లాడుకునేవాళ్ళం కాదు.

నా పోస్టు పుట్టింది ఒక దాత వల్ల. ఆయనది మా పక్క ఊరే. చిన్నప్పుడు వారాలు చేసుకుని మా బళ్ళోనే చదివి, బొంబాయి వెళ్ళి షేర్లలో పెద్ద ఆస్తిపరుడయ్యారు. అందరూ భయపడి అమ్ముకుంటున్నప్పుడు ఈయన కొనేవారట. అంటే ఆయన సంపదంతా ఇతరుల భయం మీద కట్టినది. ఆ రోజుల్లో నాలాంటివాడు బొంబాయిలో ఉండి ఉంటే ఆయన ఇంకా పెద్ద కోటీశ్వరులయ్యేవారు.

వయసు మీద పడ్డాక అందరూ సత్రాలూ గోపురాలూ కట్టిస్తుంటే, ఆయన మా బడి ఆవరణలో ఒక గది కట్టించారు. దేవుడు, ఆత్మ, మంచి, చెడు, వీటి సంగతి పిల్లలు ఎవరో చెబితే వినడం కాక తమంతట తాము అడిగి తెలుసుకోవాలని ఆయన కోరిక. గోదావరి పొంగినా నీళ్ళు ఎక్కని ఎత్తరుగు, పెంకుటి కప్పు, రెండు పక్కలా నిలువెత్తు కిటికీలు. లోపల చాపలు తప్ప ఏమీ లేవు. గోడ మీద మూడు నిబంధనలు రాయించారు. శనివారం మధ్యాహ్నం ఒక గంట కూర్చోవాలి, అందులో సగం మౌనంగా. తరవాత పిల్లలు ఏది తోస్తే అది అడగాలి, మాస్టారు మాత్రం జవాబు చెప్పకూడదు. అడిగిన ప్రశ్నను దిద్దకుండా, పేరు లేకుండా, తరగతీ కూర్చున్న వరసా మాత్రం వేసి పుస్తకంలో రాసి నెలాఖరుకు నకలు పంపాలి.

ఈ పనికి ఒక పండితుడు కావాలన్నారు. రెండేళ్ళు జీతం ఆయనిస్తారు, తరవాత కమిటీ వారు నన్ను పర్మనెంటు పోస్టులోకి తీసుకోవాలి. అంటే నా జీతం ఒకరి చేతిలో, జీవితం ఇంకొకరి చేతిలో.

మొదటి నెల నిజంగానే కూర్చున్నాం. అడగండర్రా అంటే వాళ్ళు అడిగినవి ఇవి: "మంచినీళ్ళకి వెళ్ళొచ్చాండీ?" "ఇంకెంతసేపండీ?" "మాస్టారికి కునుకెందుకు వస్తోందండీ?" నాకు తల కొట్టేసినట్టయింది. ఆత్మవిచారణ కోసం గది కట్టించిన మహానుభావుడికి మంచినీళ్ళ ప్రశ్న పంపనా? పంపితే, ఈ పండితుడు దండగని జీతం ఆపేస్తే? ఆ ప్రశ్నను కొంచెం సవరించాను. 'దాహం ఒంటిదా, మనసుదా?' అని రాశాను. ఎనిమిదో తరగతి, మూడో వరస అని వేశాను. అది బాగుందనిపించింది. బాగుందనిపించడమే నా కొంప ముంచింది.

దాతగారు కార్డు రాశారు. మూడో వరసలో కూర్చునే ఆ పిల్లకు తన ఆశీస్సులు చెప్పమన్నారు. నేను పిల్ల అని రాయలేదు, ఆయనే అనుకున్నారు. ఆయన అనుకున్నాక కాదనడానికి నేనెవర్ని?

ఇక్కడే ఆపి ఉందునేమో, మా ప్రెసిడెంటు గారు అడ్డు రాకపోతే. ఆయన కమిటీకి పెద్ద, కొబ్బరి తోటల ఆసామి, నోట్లో లంక చుట్ట ఆరనివ్వరు. మనిషి చెడ్డవారు కాదు. ఎదుటివాడి భయం ఎంతవరకు సాగుతుందో లాగి చూసే సరదా మాత్రం ఉండేది. ఒకరోజు గది కిటికీల్లోంచి లోపలికి చూస్తూ నిలబడి అన్నారు: "గాలి ఎంత బాగా ఆడుతోందండీ మాస్టారూ."

మూడో రోజుకు ఎడ్లబళ్ళ మీద కాయలు దిగాయి. కోనసీమ బయటివాళ్ళకు కురిడీ సంగతి చెప్పాలి. పీచు తీయని ముదురు కాయలను గాలి ఆడే పొడి చోట పేర్చి, కదపకుండా పది పదకొండు నెలలు వదిలేస్తారు. లోపలి నీళ్ళు వాటంతటవే ఇంకిపోతాయి. కొబ్బరి పెంకును వదిలేసి గుండుగా నిలబడుతుంది. చెవి దగ్గర పెట్టి ఆడిస్తే గలగలమంటుంది. దానికి ఉత్తరాదిలో మంచి గిరాకీ. మామూలుగా ఇంటి అటకల మీద పెడతారు. మా ప్రెసిడెంటు గారికి దాతగారి గది అటక కన్నా నచ్చింది.

శనివారం తరగతి ఉందండీ అని నసిగాను.

"మీ పిల్లలకన్నా ఇవే నయం కదండీ. ఏడాది కదలవు, మెదలవు. మౌనం అంటే ఇదండీ మాస్టారూ." చుట్ట పొగ వదిలి, ఇంకా మెత్తగా అన్నారు: "అన్నట్టు మీ పర్మనెంటు కాగితం నా బల్ల మీదకే రావాలి కదండీ?"

"ఆయ్," అన్నాను.

ఆ ఒక్క 'ఆయ్'తో గదిలోకి కాయలు వెళ్ళాయి, పిల్లలు బయటికి వచ్చారు. శనివారం మధ్యాహ్నాలు ఆటల పిరియడు అయింది. హెడ్మాస్టరు గారు రిటైర్మెంటుకు దగ్గర పడ్డవారు. నేను వెళ్ళి చెప్పుకుంటే కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, "నాకు కనిపించదండీ," అన్నారు.

అప్పటి నుంచీ పుస్తకం పూర్తిగా నాదైంది. బడి అయ్యాక స్టాఫ్ రూములో కూర్చుని నెలకు పది పన్నెండు సందేహాలు కనేవాణ్ణి. 'కళ్ళు మూసుకునే దణ్ణం పెడతాం కదా, మరి ఎదురుగా విగ్రహం ఎందుకు?' 'తప్పని తెలిసి చేసినవాడిది పెద్ద పాపమా, తెలియక చేసినవాడిదా?' 'గోదావరి సముద్రంలో కలిశాక ఆ పేరు ఎవరి దగ్గర ఉంటుంది?' అన్నీ మూడో వరస పిల్ల ఖాతాలోనే. ఇంట్లో నాన్నగారిని అడగడానికి జంకి మింగేసినవన్నీ ఆ పిల్ల నోట్లో పెట్టాను. చిన్నప్పుడు ఆయన ముందు నోరు విప్పని నేను, ముప్పై దాటాక ఎనిమిదో తరగతి పిల్ల చాటున నిలబడి అడుగుతున్నానన్నమాట.

దాతగారి కార్డులు రానురాను పెద్ద ఉత్తరాలయ్యాయి. గోదావరి ప్రశ్న తనను నాలుగు రోజులు నిద్ర పోనివ్వలేదని రాశారు. ఆయన్ను నాలుగు రోజులే, నన్ను ప్రతి రోజూ. తరగతిలో సంధులు చెబుతూ పోస్టుమాను సైకిలు గంట వినబడగానే ఉదాహరణ మరిచిపోయేవాణ్ణి. మాకు కొడుకు పుట్టాడు. వాడి బారసాల నాడు కూడా ఉత్తరం వస్తుందేమోనని గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాను. మా ఆవిడ కనిపెట్టి అడిగితే మొత్తం చెప్పేశాను. ఆవిడ అంతా విని, "ఆ పిల్ల నిజంగా ఉంటే ఎంత బావుణ్ణండీ," అంది.

ఒక గురువారం టెలిగ్రాం వచ్చింది. శనివారం వస్తున్నారు. మూడో వరసలో, ఆ పిల్ల పక్కన చాప మీద కూర్చుంటారట.

టెలిగ్రాం పట్టుకుని ప్రెసిడెంటు గారి ఇంటికి వెళ్ళేటప్పుడు కాలవ గట్టు మీద రెండుసార్లు కూర్చున్నాను. ఆయన చదివి మొదటిసారి చుట్ట ఆర్పారు. ఇంకో నెలకు తయారయ్యే కాయలు, ఇప్పుడు కదిపితే పాడు. అయినా తప్పదు. కూలీలను పెడితే ఊరంతా మాట పాకుతుందని ఆయనకే ఒక ఉపాయం తట్టింది. పిల్లల చేత తీయించాలి. శ్రమదానం అని పేరు పెట్టాలి.

అంతకన్నా పిచ్చి ఉపాయం లేదని అప్పుడు మా ఇద్దరిలో ఒక్కడికీ తోచలేదు. భయపడ్డవాడికి పక్కనున్న గొయ్యి సొరంగంలా కనిపిస్తుంది. శుక్రవారం మధ్యాహ్నం ఎనిమిదో తరగతి పిల్లలు గది గుమ్మం నుంచి వెనకనున్న ఆయన పశువుల సాల దాకా బారుగా నిలబడి, చేతి నుంచి చేతికి కాయలు అందించారు. నేను గుమ్మంలో నిలబడి, "మెల్లిగా, మోగనివ్వకండర్రా," అంటూ ఉన్నాను. విలువలు నేర్పడానికి పెట్టిన మాస్టర్ని కదా. అయ్యాక ప్రెసిడెంటు గారు తలా రెండు బెల్లం జీళ్ళు పంచి, రేపొచ్చే పెద్దాయనకు ఈ సంగతి చెప్పక్కర్లేదన్నారు. ఆయ్ అని అంతా ఒక్క గొంతుతో అన్నారు.

ఇక మూడో వరస పిల్ల కావాలి. కాయలు వలిచే ఒకాయన కూతురు, నిజంగానే మూడో వరసలో కూర్చునేది. గొంతు స్పష్టంగా ఉంటుంది, బెదరదు. గోదావరి ప్రశ్న ఆ పిల్లకు ఇచ్చి పదిసార్లు చెప్పించాను. పదిసార్లూ తప్పు లేకుండా చెప్పింది. పదకొండోసారి నేనే తడబడ్డాను.

శనివారం ఆయన రాజమండ్రి నుంచి టాక్సీలో దిగారు. బక్కపలచటి మనిషి, ఖద్దరు చొక్కా. చెప్పులు అరుగు కిందే విడిచి గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, గాలి పీల్చారు. కట్టలు కట్టలు అగరవత్తులు వెలిగించాం. అయినా పది నెలల వాసన ఎక్కడికి పోతుంది?

"మా మేనమామ గారింటి అటక వాసన వేస్తోందండీ," అన్నారు. నలభై ఏళ్ళు బొంబాయిలో ఉన్నా మాటలో గోదావరి తగ్గలేదు. ప్రెసిడెంటు గారు గట్టిగా నవ్వారు. నాకు వీపు మీద చెమట ఒక తాడులా కిందికి దిగింది.

ఆయన మూడో వరసలో ఆ పిల్ల పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. మౌనం మొదలైంది. నిజంగా చెబుతున్నాను, ఆ అరగంట నేను బతికిన గంటలన్నిటికన్నా పొడుగు. పిల్లలు కదలలేదు. కిటికీలోంచి గాలి వచ్చి పోతోంది. ఆ పిల్ల పెదవులు మెల్లగా కదులుతుంటే, గోదావరి ప్రశ్నే వల్లె వేసుకుంటోందని ధైర్యం తెచ్చుకున్నాను. కాసేపటికి పెదవులు ఆగిపోయాయి. కనురెప్పలు వాలాయి. మొహం తేటగా అయిపోయింది. అది చూసి నాకు ఎందుకో పెద్ద భయం వేసింది.

అరగంట అయింది. దాతగారు ఆ పిల్ల వైపు తిరిగి, ఏదైనా అడగాలని ఉందా అమ్మా అన్నారు.

పిల్ల లేచి నిలబడింది.

"కాయలు ఈ గదిలో పది నెలలు మాట్లాడకుండా కూర్చున్నాయి కదండీ. వాటి నీళ్ళు ఇంకిపోయి, గుండు పెంకుని వదిలేస్తుందండీ. మేం ఇయ్యాల ఒక్కపూటే కూర్చున్నాం. మాకెన్నాళ్ళు పడుతుందండీ? వదిలేసేక లోపల గలగలమనేది ఏంటండీ?"

నేను ఏడాదిలో పుట్టించిన సందేహాలన్నీ ఆ ఒక్క ప్రశ్న ముందు పీచు. ఆ సంగతి నాకు తెలిసిన క్షణమే నా ఉద్యోగం పోయిందని కూడా తెలిసింది. ఇంట్లో ఉయ్యాల, అందులో తొమ్మిది నెలల పసివాడు, కళ్ళ ముందు కదిలారు.

"ఏ కాయలమ్మా?" అన్నారు దాతగారు.

"కురిడీ కాయలండీ. నిన్న మేమే మోసేం. జీళ్ళు పెట్టేరండీ." ఇంతలో చెప్పక్కర్లేదన్న మాట గుర్తొచ్చిందేమో, నాలిక కరుచుకుని నా వైపు చూసింది.

ప్రెసిడెంటు గారు కిటికీలోంచి ఆకాశం చూస్తున్నారు. దాతగారు నన్ను చూస్తున్నారు. జవాబు చెప్పకూడదన్న నిబంధన గోడ మీద నా తల వెనకే ఉంది. దాని చాటున దాక్కుందామని ఒక్క లిప్తపాటు అనుకున్నాను కూడా. కానీ ఆ పిల్ల నా మొహమే చూస్తోంది, తను చేసింది తప్పా అని.

"ఆ పిల్ల తప్పేం లేదండీ," అన్నాను. "మీకు పంపినవన్నీ నేను రాసినవేనండీ. తరగతి జరగలేదండీ."

"మరి మూడో వరస పిల్ల?"

"లేదండీ. నేనేనండీ."

తిడతారనుకున్నాను. ఆయన ఎవరో దగ్గరివాళ్ళు పోయారని కబురు విన్నవాడిలా తల వంచుకున్నారు. "ఆ పిల్లని చూద్దామనే వచ్చేనండీ," అని మాత్రం అన్నారు. తరవాత పుస్తకం తెమ్మని, ఇప్పుడు అడిగిన ప్రశ్న నా చేతే రాయించారు. దిద్దకుండా రాయమన్నారు. రాశాను. 'ఏంటండీ' అన్నది 'ఏమిటండీ' అని రాయబోయి, ఆగి, 'ఏంటండీ' అనే రాశాను. పండితుడిగా నాకదే మొదటి పరీక్ష, తప్పకుండా రాసిన మొదటి తప్పు.

ఆయన భోజనానికి ఉండలేదు. టాక్సీ వెళ్ళిపోయాక ఆ పిల్ల నా దగ్గరకొచ్చి, "మీరిచ్చింది గుర్తుందండీ మాస్టారూ. కానీ కూర్చుంటే ఇది వచ్చిందండీ," అంది. ఆ గదిలో విచారణ జరిగింది అదొక్క రోజు, దానికి ముద్దాయిని నేను. ఆయన కోసం ఆత్రేయపురం నుంచి తెప్పించిన పూతరేకుల్లో ఒకటి నోట్లో పెట్టుకుంటే దిగలేదు. పూతరేకు కూడా దిగని గొంతంటే నా స్థితి మీరే ఊహించుకోండి.

తరవాతి మూడు వారాలు పోస్టుమాను గంట కోసం భయపడలేదు. గంట మోగకపోతే భయపడ్డాను. ప్రెసిడెంటు గారు ఎదురైనప్పుడల్లా, మీ కాగితం మీద ఏం రాయాలా అని ఆలోచిస్తున్నానండీ అనేవారు. ఆయన కాయలు సాలలో తేమ తగిలి బూజు పట్టాయి, ఆ కోపం కూడా నా లెక్కలోనే పడింది. మా ఆవిడ మాత్రం ఒకే మాట అంది: "పోతే ఉద్యోగమేగా. మీరా పిల్లని ఏమీ అనకండి."

నాలుగో వారం ఉత్తరం వచ్చింది. విప్పకుండానే మా ఆవిడకిచ్చాను. ఆవిడ చదివింది. గది కొనసాగుతుంది. ఇకనుంచి పుస్తకం పిల్లలే రాస్తారు. మాస్టారు మూడో వరసలో కూర్చోవాలి, సందేహం వస్తే తన పేరుతోనే అడగాలి. జీతం ఇంకో రెండేళ్ళు. ఆఖర్న, గదికి ఊరి పెద్ద ఒకరు సంరక్షకులుగా ఉండి ప్రతి శనివారం పిల్లలతో పాటు గంటసేపు కూర్చోవాలి, ఎవరు తగినవారో నన్నే రాయమన్నారు.

ఆవిడ ఉత్తరం మడిచి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఏడుస్తూనే నాకొక ఆలోచన వచ్చింది. పిరికివాళ్ళకు మంచి ఆలోచనలు ప్రాణం కుదుటపడ్డాకే వస్తాయి. ఆ రోజే కార్డు రాశాను: ఈ గది మీద మా ప్రెసిడెంటు గారికున్నంత అభిమానం ఊళ్ళో ఇంకెవరికీ లేదని. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.

బొంబాయి నుంచి నియామక పత్రం బంగారు అంచుతో వచ్చింది. ప్రెసిడెంటు గారు నిబంధనలు చదవకముందే దానికి ఫ్రేము కట్టించారు. సంరక్షకుడు గారి గదికి పర్మనెంటు పండితుడు లేకపోతే బాగుండదని నా కాగితం మీద సంతకం కూడా చేశారు. ఆ తరవాత మొదటి శనివారం వచ్చింది.

పట్టు కండువాతో వచ్చి, ముందు వరసకు ఎదురుగా కూర్చున్నారు. చుట్ట లేదు, మాట లేదు. ఆయన ముందు పీట వేసి, దాని మీద ఒకే ఒక్క కురిడీ కాయ పెట్టాను. శ్రమదానం నాడు తలుపు మూల దొర్లి మిగిలిపోయినది. చూసేవాళ్ళకు అది మర్యాద, శుభం. ఆయన దాన్ని చూశారు, నన్ను చూశారు. నోరు తెరవబోయి, గోడ మీది నిబంధన చూసి మూసుకున్నారు. మౌనం అంటే ఇదండీ అని నేను అనలేదు. అనవలసిన అవసరం కలగలేదు. అరగంట అయ్యాక ముందు వరసలోంచి మొదటి ప్రశ్న వచ్చింది: "చుట్ట కాల్చకపోతే మీకు లోపలేమవుతోందండీ?" జవాబు చెప్పకూడదని ఆయన చాలా సంతోషించి ఉంటారు.

ఇన్నేళ్ళలో ఆ పిల్ల అడిగిన ప్రశ్నకు నాకు జవాబు దొరకలేదు. రిటైరయ్యి కదలకుండా కూర్చుని కూడా చాలా కాలమైంది. నన్నెవరైనా చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తే ఇంకా నీళ్ళ చప్పుడే వస్తుంది.

ఆ కాయ మాత్రం, దొర్లినందుకో ఏమో కాస్త ఆలస్యంగా, రెండు నెలలకు తయారైంది. ఒక శనివారం గంట అయిపోగానే ప్రెసిడెంటు గారు పాత అలవాటున దాన్ని తీసి చెవి దగ్గర ఆడించారు. గలగలమంది. ఆయన మొహంలో చిన్నపిల్లాడి సంబరం. "తయారైందండీ మాస్టారూ," అంటూ కండువా కొంగులో చుట్టుకోబోయారు.

నేను రెండు చేతులా వినయంగా అందుకుని, మళ్ళీ పీట మీద పెట్టాను. "గదిలో వస్తువు బయటికి పోకూడదండీ. నిబంధన."

"ఏదండీ ఆ నిబంధన?"

గోడ చూపించాను. మూడింటి కింద నాలుగోది ఉంది. శుక్రవారం మధ్యాహ్నం బల్ల ఎక్కి నేనే రాశాను. ఆ గదిలో నేను కల్పించిన ఆఖరి మాట అదే. అచ్చుతప్పు లేదు.